మెడ మీద ప్రోబ్ పెడితే తల తిరుగుడు దొరుకుతుందా?

గాజువాకలో నాకో స్నేహితుడున్నాడు. డిప్లొమా అయ్యాక ఎన్‌డీటీ లెవెల్-2 చేసి, ఓ కాంట్రాక్టరు దగ్గర వెల్డింగులు పరీక్షించే పనిలో చేరాడు. పరంజా ఎక్కుతాడు, అతుకు పక్కన జెల్ రాస్తాడు, ప్రోబ్ ఆనించి స్క్రీన్ చూస్తాడు. లోపల పగులుంటే శబ్దం తిరిగొచ్చి గీత లేస్తుంది. పోయిన ఏడాది వాడికి తల పైకెత్తినప్పుడల్లా కళ్లు తిరగడం మొదలైంది. ఆ ఎత్తులో పట్టు తప్పితే ప్రాణం పోతుంది. నోరు విప్పి చెబితే హైట్ పాస్ పోతుంది, దాంతోపాటే జీతం. మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఓ చోట మెడ ఎక్స్‌రే తీయించుకుంటే, ‘పూసల మధ్య అరుగుదల’ అని చెప్పి కాలర్ తగిలించారు. తగ్గలేదు. అప్పుడు నాకు ఫోన్ చేసి అడిగాడు: “ఒరేయ్, ఇదే ప్రోబ్ నా మెడ మీద పెడితే తెలీదా?”

నవ్వకండి, ప్రశ్న మంచిదే. వాడి చేతిలోని యంత్రం, స్కానింగ్ సెంటర్‌లోని యంత్రం దాయాదులే. శబ్దం ఉక్కులో సెకనుకు దాదాపు 5,900 మీటర్లు పరిగెడితే, మన కండరాల్లో సుమారు 1,540 మీటర్లు. వెల్డింగుకు ఎక్కువగా 2 నుంచి 5 మెగాహెర్ట్జ్ వాడతారు. మెడలాంటి పైపై భాగాలకైతే 7 నుంచి 15 దాకా. పంపడం, తిరిగొచ్చింది వినడం... సూత్రం ఒకటే.

మెడకీ తల తిరగడానికీ సంబంధం ఉందన్నదీ కొత్త మాట కాదు. 1955లోనే ర్యాన్, కోప్ అనే ఇద్దరు ‘లాన్సెట్’ పత్రికలో ‘సర్వైకల్ వర్టిగో’ పేరుతో రాశారు. డ్రోన్ ప్రాజెక్టు చేసినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. పుర్రె కింద ఉండే చిన్న చిన్న కండరాల్లో సెన్సర్లు దట్టంగా ఉంటాయి. తల ఎటు తిరిగిందో అవి మెదడుకి చెబుతుంటాయి. లోపలి చెవి ఒక లెక్క చెబుతుంది, కళ్లు ఇంకో లెక్క. మెదడు మూడింటినీ కలిపి చూసుకుంటుంది. మెడ నుంచి వచ్చే లెక్క తప్పితే మిగతా రెండింటితో పొసగదు, మనిషి తూలుతున్నట్టు అవుతుంది.

మరి అల్ట్రాసౌండ్ ఇక్కడ ఏం చూపిస్తుంది? మెడ కదులుతుండగానే చూపిస్తుంది, అదే దాని గొప్ప. రేడియేషన్ లేదు, ఖర్చూ ఎమ్మారై కన్నా తక్కువ. తల తిప్పమని చెప్పి, లోపలి కండరం ఎంత మందం పెరిగిందో కొలవొచ్చు. ఎలాస్టోగ్రఫీ ఉన్న యంత్రమైతే బిగుతు కూడా తెలుస్తుంది. డాప్లర్ పెడితే, మెడ వెనక నుంచి మెదడుకు వెళ్లే ధమనుల్లో రక్తం ఎంత వేగంగా పోతోందో వినొచ్చు. ఈ ధమని మాత్రం పూసల పక్కనుండే రంధ్రాల్లోంచి దూరుతూ పైకెళ్తుంది. ఎముక అడ్డొచ్చిన చోట శబ్దం ఆగిపోతుంది కాబట్టి, సందుల్లోంచి ముక్కలు ముక్కలుగా చూడాల్సిందే. చాలా అరుదుగా, మెడ ఒక పక్కకి తిప్పినప్పుడు ఆ ధమని నొక్కుకుపోయి కళ్లు తిరుగుతాయి. విలువిద్య సాధన చేసే వ్యక్తిలో గమనించారు కనుక 1978లో దానికి ‘బో హంటర్స్ స్ట్రోక్’ అని పేరు పెట్టారు. అలాంటి అనుమానం ఉంటే డాప్లర్ పనికొస్తుంది. ఖాయం చేసేది మాత్రం యాంజియోగ్రఫీ.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు అసలు పేచీ.

వెల్డింగు పరీక్షకు ముందు మావాడు ఏం చేస్తాడు? వీ1 బ్లాక్ మీద ప్రోబ్ పెట్టి క్యాలిబ్రేట్ చేసుకుంటాడు. అది 25 మిల్లీమీటర్ల మందమని ముందే తెలిసిన ఉక్కు దిమ్మ. యంత్రం 25 చూపిస్తేనే పని మొదలు. మెడ తల తిరుగుడుకి అలాంటి దిమ్మ లేదు. ‘ఇది కచ్చితంగా మెడ వల్లే’ అని తేల్చే పరీక్ష ఇవాళ్టికీ ఏదీ లేదు. చెవి, మెదడు, గుండె, బీపీ, వాడుతున్న మందులు... ఇవేవీ కారణం కాదని తేలాక, మెడ నొప్పితో పాటే తల తిరుగుతోందంటే అప్పుడు డాక్టర్లు మెడ పేరు చెబుతారు. కండరం బిగుసుకుందని స్కాన్ చెబుతుంది. ఆ బిగుతు వల్లే తల తిరిగిందని చెప్పదు. తల తిరుగుతోందన్న భయంతో మెడ బిగపట్టుకున్నా అదే బొమ్మ వస్తుంది! మెడ తిప్పితే ధమనిలో ప్రవాహం కొంత తగ్గడం ఏ బాధా లేనివాళ్లలోనూ కనిపించవచ్చు. ఎక్స్‌రేలో పూసల అరుగుదలా అంతే, వయసు పెరిగేకొద్దీ చాలామందిలో ఉండేదే.

అందుకే ‘మెడ స్కాన్ చూసి తల తిరుగుడు కారణం చెప్పే ఏఐ’ చేస్తామని ఎవరైనా ఫైనలియర్ పిల్లలు మెసేజ్ పెడితే నేను ఒకటే అడుగుతాను: లేబుల్ ఎవరు వేస్తారు? నిపుణులే ఖాయంగా చెప్పలేని జవాబుని మోడల్ ఎక్కడ నేర్చుకుంటుంది? దానికన్నా ఒకే మెడని ఇద్దరు వేర్వేరుగా స్కాన్ చేస్తే కొలత ఎంత తేడా వస్తోందో చూడండి. ప్రోబ్ కాస్త గట్టిగా నొక్కితేనే కండరం మందం మారిపోతుంది. ఆ ఒత్తిడిని కొలిచే చిన్న సెన్సర్ చేసినా గొప్పే. మన స్టీల్‌ప్లాంటుకు దగ్గర్లోనే 2016లో మొదలైన మెడ్‌టెక్ జోన్ ఉంది, సుమారు 270 ఎకరాలు. బయోమెడికల్ వైపు వెళ్లాలనుకుంటే ఊరు దాటాల్సిన పని కూడా లేదు.

ఒక హెచ్చరిక. ప్రాజెక్టు కోసమని ఆన్‌లైన్లో సెకండ్ హ్యాండ్ స్కానింగ్ యంత్రం కొనకండి. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టం కింద, రిజిస్టర్ కాని వాళ్లకి ఆ యంత్రం అమ్మడమే నేరం. మేం మెడ మాత్రమే చూస్తామంటే కుదరదు. రిజిస్ట్రేషన్ ఉన్న ఆసుపత్రితో, డాక్టరుతో కలిసే పని చేయాలి.

మావాడి సంగతి చెప్పలేదు కదూ. ఈఎన్‌టీ డాక్టరు వాణ్ని బల్ల మీద కూర్చోబెట్టి, తల ఓ పక్కకి తిప్పి, గబుక్కున వెనక్కి పడుకోబెట్టి కళ్లు చూశారు. 1952లో డిక్స్, హాల్‌పైక్ వివరించిన పరీక్ష అది. యంత్రం లేదు, జెల్ లేదు. కనుగుడ్లు గిర్రున కొట్టుకున్నాయి. లోపలి చెవిలో సన్నటి కాల్షియం రేణువులు చోటు తప్పాయట. తలను వరసగా నాలుగైదు భంగిమల్లో తిప్పి వాటిని వెనక్కి పంపారు. రెండోసారి వెళ్లేసరికి తగ్గిపోయింది. ఆ చెవి భాగం పుర్రెలోని అతి గట్టి ఎముకలో ఉంటుంది, మెడ మీద ఎన్ని ప్రోబులు పెట్టినా కనిపించదు.

అందరిదీ ఇంత తేలికగా తేలదు. ఉన్నట్టుండి తల తిరుగుతూ మాట తడబడినా, మూతి వంకరపోయినా, ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పినా, చూపు రెండుగా కనిపించినా స్కానింగ్ సెంటర్ వెతక్కండి, 108కి ఫోన్ చేయండి. అలా కాకపోతే, ఏ కదలికకి వస్తోంది, ఎన్ని సెకన్లు ఉంటోంది, వినికిడి తగ్గిందా, మెడ నొప్పి తోడుందా అని నాలుగు రోజులు ఫోన్లో రాసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఏ స్కాన్ అవసరమో, అసలు అవసరమో కాదో అక్కడ తేలుతుంది.

నాకు మింగుడుపడనిది ఇంకోటుంది. ఆ మూడు వారాలు వాడు కళ్లు తిరుగుతూనే పరంజా ఎక్కాడు. తగ్గేదాకా కింద చేసే పని ఇస్తారన్న నమ్మకం ఉంటే మొదటి రోజే చెప్పేవాడు. ఇలాంటివాళ్లకి వైద్యం అయ్యేదాకా నేల మీద పని, అదే జీతం ఇస్తే కాంట్రాక్టరుకి పోయేదేముంది? ఇప్పుడు వాడు బాగానే ఉన్నాడు, మళ్లీ పైకెక్కుతున్నాడు. జరిగింది మాత్రం ఇవాళ్టికీ పనిచోట చెప్పలేదు. అందుకే ఇక్కడ వాడి పేరు రాయలేదు.