మా మనసుల మీద పరీక్షలు, ఎవరి మెడలోనో పతకాలు

కొన్నేళ్ల కిందట మా బడికి ఇద్దరు పరిశోధకులు వచ్చారు. కారు గట్టు మీద ఆపి, కాలవ దాటి నడిచొచ్చారు. చేతిలో కాగితాల కట్ట. "మాస్టారూ, మీ ఎస్సీ పిల్లల ఆత్మవిశ్వాసం మీద స్టడీ చేస్తున్నామండి, ఒక గంట ఇప్పిస్తారా?" అన్నారు. ఇప్పించాను. నలభై మంది పిల్లలు నేల మీద కూర్చుని టిక్కులు పెట్టారు. నిన్ను చూస్తే నీకే సిగ్గేస్తుందా, నలుగురిలో మాట్లాడాలంటే భయమేస్తుందా, ఇట్లాంటివి ప్రశ్నలు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె లేచి, "మాస్టారండీ, ఇది పరీక్షేనా? మార్కులెప్పుడు చెబుతారు?" అని అడిగింది. వాళ్లు నవ్వి, బిస్కెట్ పొట్లాలు పంచి వెళ్లిపోయారు.

మార్కులు ఈనాటికీ చెప్పలేదు. మా పిల్లల గురించి ఏం తేలిందో మాకు తెలీదు. ఆ పని మీద వాళ్లలో ఒకరికి ఏదో బహుమానం వచ్చిందని తరవాత పేపర్లో చదివాను. సంతోషమే. చదువుకున్నవాళ్లకి గుర్తింపు వస్తే ఏడ్చే బుద్ధి నాకు లేదు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే, ఆ విలువ నాకు తెలుసు. కానీ ఆ పిల్ల అడిగిన మాట నన్ను వదల్లేదు. పరీక్ష రాసింది మేము, మార్కులు పడ్డది వాళ్లకి. ఇదేం లెక్క?

మనిషి పక్క మనిషిని ఎలా చూస్తాడు, చిన్నచూపు ఎక్కడ పుడుతుంది, గుంపులో పడితే మంచివాడు కూడా ఎందుకు మారిపోతాడు అని చూసేది సామాజిక మనస్తత్వశాస్త్రం. మనసులో దిగులు ఒంట్లో రోగం ఎలా అవుతుంది, రోగం మనసునెలా కుంగదీస్తుంది అని చూసేది ఆరోగ్య మనస్తత్వశాస్త్రం. ఇదేదో పట్నం వాళ్ల గొడవ అనుకోకండి. టీ కొట్టు ముందు విడిగా పెట్టిన గ్లాసు కోసం నిలబడ్డవాడికి ఈ శాస్త్రం కొత్త కాదు. పేరు మాత్రమే కొత్త.

ఈ శాస్త్రం పీడిత జనం చేతికొస్తే ఏమవుతుందో అమెరికాలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి దంపతులు చూపించారు. బాబాసాహెబ్ 1913లో చదువుకోడానికి వెళ్లిన కొలంబియా యూనివర్సిటీలోనే వీళ్లిద్దరూ తరవాత డాక్టరేట్లు తీసుకున్నారు. వాళ్ల పరీక్ష చాలా చిన్నది. అచ్చం ఒకేలా ఉన్న బొమ్మలు, కొన్ని తెల్లవి, కొన్ని గోధుమరంగువి. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు నల్లపిల్లల ముందు పెట్టి మంచి బొమ్మ ఏది, చెడ్డ బొమ్మ ఏది అని అడిగారు. 253 మంది పిల్లల్లో ఎక్కువమంది తెల్లబొమ్మే మంచిదన్నారు. చివరికి, "నీలాంటి బొమ్మ ఏది?" అనేసరికి కొందరు ఏడ్చుకుంటూ బయటికి పోయారు. ఈ పనిని అమెరికా సుప్రీంకోర్టు 1954లో లెక్కలోకి తీసుకుని, తెల్లపిల్లలకీ నల్లపిల్లలకీ వేరువేరు బళ్లు చెల్లవని తీర్పు ఇచ్చింది. తరవాత కెన్నెత్ క్లార్క్ అమెరికా మనస్తత్వవేత్తల సంఘానికి మొట్టమొదటి నల్లజాతి అధ్యక్షుడయ్యాడు. మేమీ క్లార్క్ చదువు పూర్తయ్యాక ఊరుకోలేదు. భర్తతో కలిసి 1946లో న్యూయార్కు హార్లెమ్ పేటలో పిల్లల మనసులకి వైద్యం చేసే కేంద్రం తెరిచింది. అంటే పరీక్ష పెట్టినవాళ్లు మళ్లీ ఆ పేటకే తిరిగొచ్చారు. నాకు అసలైన పతకం అదే అనిపిస్తుంది.

మన దేశంలో సంగతీ చెబుతాను. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లల్ని 642 మందిని కూర్చోబెట్టి చిక్కుదారుల పజిళ్లు ఇచ్చారు. సగం మంది పై కులాలవాళ్లు, సగం మంది దళితులు. కులం మాటెత్తకుండా ఇచ్చినప్పుడు రెండు గుంపులూ సమానంగా చేశాయి. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, తాత పేరు, కులం అందరి ముందూ పైకి చదివాక ఇచ్చినప్పుడు దళిత పిల్లల లెక్క పడిపోయింది. అవే బుర్రలు, అవే చేతులు. మారింది ఒక్క పిలుపే. ఇది 2006లో అచ్చయింది.

అది చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదండి. ఎందుకంటే నేనూ ఆ తప్పు చేశాను. స్కాలర్‌షిప్ ఫారాలు వచ్చినప్పుడల్లా క్లాసులో నిలబడి, "ఎస్సీలు లేవండి" అనేవాణ్ణి. నేనూ ఆ పేట వాణ్ణే, నా పిల్లలే కదా అనుకున్నాను. లేచినప్పుడు వాళ్ల తలలు ఎలా వంగేవో నేను చూడలేదు. నా చిన్నప్పుడు నా తల అలాగే వంగిన సంగతి మర్చిపోయాను. ఆ తరవాత నుంచి ఫారాలు విడిగా పిలిచి ఇస్తున్నాను. ఒక పరిశోధన నా చేతికి తెలుగులో, ముందే అంది ఉంటే ఎంతమంది పిల్లలు ఆ లేచి నిలబడే బాధ తప్పించుకునేవారు! పరిశోధన ఫలితం ఊరికి చేరకపోతే నష్టం ఎవరిదో ఇప్పుడు చెప్పండి.

ఇక బహుమానాల సంగతికి వద్దాం. పతకం అంటే ఉత్త ఇత్తడి ముక్క కాదు. ఈ దారిన నడవండి అని కుర్ర పరిశోధకులకి చూపించే వేలు అది. అందుకే పతకం ఎవరికిచ్చారు, ఎవరి పేరు మీద ఇచ్చారు అన్నది పెద్ద విషయం. బి.ఇడి.లో మేమంతా బట్టీపట్టిన రేమండ్ కాటెల్ పేరు గుర్తుందా? 1997లో అమెరికాలో ఆయనకి జీవితకాల కృషికి బంగారు పతకం ప్రకటించారు. ఈయన రాతల్లో జాతి గొప్పలున్నాయి, పుట్టుకతోనే మనుషుల్ని ఎక్కువ తక్కువలుగా ఏరే వాదముంది అని కొందరు నిలదీశారు. పతకం ఆగింది. ఆయన తనకొద్దని తప్పుకున్నాడు, మరుసటేడు చనిపోయాడు.

ఇంకొకటి. హెన్రీ తాజ్‌ఫెల్ పోలెండు యూదుడు. హిట్లరు మారణకాండలో అయినవాళ్లని పోగొట్టుకున్నాడు. మనుషుల్ని ఏ కారణం లేకుండా రెండు గుంపులు చేసినా చాలు, నా గుంపు అంటూ పక్షపాతం మొదలవుతుందని పరీక్షలు పెట్టి చూపించాడు. ఐరోపా సామాజిక మనస్తత్వవేత్తల సంఘం పెద్ద బహుమానానికి ఆయన పేరే పెట్టుకుంది. ఆయన తన దగ్గర పనిచేసిన ఆడవాళ్లతో తప్పుగా నడుచుకున్నాడన్న సంగతి బయటకొచ్చాక, 2019లో ఆ పేరు తీసెయ్యాలని సంఘమే నిర్ణయించింది. పీడనని చదివినవాడు కూడా పీడించగలడు. మన ఉద్యమాల్లో ఉన్న మగవాళ్లం కూడా ఈ మాట చెవిలో వేసుకోవాలి.

పేరు గొడవ మన కోనసీమకి తెలియనిదా? జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతామన్నందుకు 2022 మే 24న అమలాపురం ఎలా మండిందో చూశాం. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు కాలాయి. పేరు నిలబడింది. కానీ ఆ వారం మా పేట పిల్లలు ఎలా నిద్రపోయారో, ఊళ్లో పిల్లల పక్కన బెంచీ మీద మళ్లీ ఎలా కూర్చున్నారో అడగడానికి మా బడికి ఏ మనస్తత్వవేత్తా రాలేదు. రెండు వైపుల పిల్లలనీ అడగాల్సిన సమయం అది.

ఇక్కడ దేశంలో చూస్తే, శాస్త్రాలకి పెద్ద గౌరవంగా 1958 నుంచి ఇచ్చిన భట్నాగర్ బహుమతుల్లో ఏడు శాఖలు, మనస్తత్వశాస్త్రం వాటిలో లేదు. 2023లో రాష్ట్రీయ విజ్ఞాన పురస్కారాలని కొత్తవి తెచ్చారు, 13 రంగాలు చెప్పారు. అక్కడా పేరు లేదు, "ఇతరములు" అనే వసారాలో నిలబడాలి. వసారాలో నిలబడ్డం మనకి అలవాటే అనుకోండి. ఆంధ్రా యూనివర్సిటీలో మనస్తత్వశాస్త్రానికి పేరు తెచ్చిన కోనేరు రామకృష్ణారావు గారికి 2011లో పద్మశ్రీ వచ్చింది. ఆయన దేశదేశాల్లో పేరు పొందింది అతీంద్రియ శక్తుల పరిశోధనకి. పెద్దాయన శ్రమని నేను తక్కువ చెయ్యను. కానీ నోరు విప్పకుండా ఒకరి మనసు ఇంకొకరికి తెలుస్తుందా అని వెతికే ముందు, నోరు విప్పి చెబుతున్నా వినపడని మనసుల్ని వినాలి కదండీ.

వినకపోతే ఏమవుతుంది? ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థులు హాస్టల్లో వేధింపులు పడలేక ఒక మూలకి చేరాల్సి వచ్చిందని థోరట్ కమిటీ 2007లోనే రాసింది. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. తనకి ఏడు నెలల ఫెలోషిప్ డబ్బు రావాలని చివరి ఉత్తరంలో లెక్క రాసి వెళ్లాడు. లక్షా డెబ్బై అయిదు వేలు. ఫెలోషిప్ నెలనెలా అందని చోట అవార్డు సభ పెట్టి శాలువా కప్పితే ఎవరికి గౌరవం?

ఆరోగ్యం మాటకొస్తే, 1996 నవంబరు తుఫానుకి నాకు పదిహేనేళ్లు. వెయ్యికి పైగా మనుషులు పోయారు, కొబ్బరిచెట్లు మొదలంటా పడ్డాయి. బియ్యం వచ్చాయి, దుప్పట్లు వచ్చాయి. ఆ తరవాత బతికినన్నాళ్లూ మా మామ్మ గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, వంట ఆపేసి గుమ్మంలో కూర్చునేది. "దెయ్యం పట్టింది" అన్నారు జనం. అంతకు ముందేడు పాశర్లపూడి గ్యాసు మంట రెండు నెలల పైన మండింది. 2014 జూన్‌లో నగరంలో పైపు పేలి నిద్రలోనే మనుషులు కాలిపోయారు. పైపుల పక్క ఊళ్లలో ఇప్పటికీ రాత్రి ఏదైనా వాసనొస్తే లేచి కూర్చునే తల్లులున్నారు. వాళ్లది పిచ్చి కాదు. అది మనసుకి తగిలిన దెబ్బ, దానికి వైద్యం ఉంది. ఆ పని చేసే కుర్రాడికి, అమ్మాయికి ఇవ్వండి అవార్డు. నేనే ముందు చప్పట్లు కొడతాను.

"ప్రతిభకి కులమేంటి మాస్టారూ?" అని కొందరంటారు. ప్రతిభకి లేదు బాబూ, కమిటీకి ఉంది. ఎవరు కూర్చుంటే వాళ్ల కంటికి ఆనిందే ప్రతిభ అవుతుంది. "అవార్డులు కూడు పెడతాయా?" అని మన వాళ్లే కొందరంటారు. పెట్టవు. కానీ మన మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న గారికి 1975లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిందని చెప్పినప్పుడు మా పిల్లలు నిటారుగా కూర్చుంటారు. నేను కళ్లారా చూశాను.

కాబట్టి మనం అడిగేవి నాలుగు. మన జనం మీద పరిశోధన చేసినవాళ్లు, ఫలితం ఏంటో తెలుగులో మన ఊరికొచ్చి చెప్పాకే బహుమానానికి అర్హులు కావాలి. బహుమానాలు నిర్ణయించే కమిటీల్లో మనవాళ్లు, మన ఆడవాళ్లు కూర్చోవాలి. పేట నుంచి వెళ్లిన పిల్లలు టిక్కులు పెట్టేవాళ్లుగా మిగలకుండా, ప్రశ్నలు రాసేవాళ్లు కావాలి. ఫెలోషిప్ డబ్బు తారీఖుకి పడాలి.

ఇవి ఢిల్లీ వినేదాకా ఆగక్కర్లేదు. రాజోలులోనో, కొత్తపేటలోనో రేపు మీ ఊరికి ఎవరైనా కాగితాల కట్టతో వస్తే కుర్చీ వెయ్యండి, కొబ్బరినీళ్లు ఇవ్వండి, మర్యాదలో లోటు చెయ్యకండి. టిక్కు పెట్టే ముందు మాత్రం ఒక్క మాట అడగండి: "మార్కులెప్పుడు చెబుతారండీ?" తారీఖు కాగితం మీద రాయించుకోండి. ఆ పిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. సైకాలజీ తీసుకుంటానని మొన్న నాతో అంది. వాళ్లమ్మ వరికోతకి వెళ్లి ఫీజు కడుతోంది. ఆ పిల్ల ఏదో ఒకరోజు తన కాగితాల కట్టతో మన కాలవ దాటి వస్తుంది. అప్పుడు చెబుతాం, మార్కులు ఎవరికెన్నో.

జై భీమ్.