మన ఇల్లు: బేస్‌మెంట్‌లో అమ్మమ్మ గది

ఇండియా నుంచి అమ్మానాన్నలొస్తున్నారంటే మనవాళ్ళు ముందు బేస్‌మెంట్‌లో ఓ పడకగది వేయిస్తారు. "పక్కింటాయన ఏనాడో కట్టుకున్నాడు, నాకే ఎందుకండీ ఈ రూల్సు?" అని నన్నడుగుతుంటారు. అమెరికాలో ఇళ్ళ కోడ్‌కి మూడేళ్ళకోసారి కొత్త కూర్పు వస్తుంది. మీకు ఏది వర్తిస్తుందో మీ రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం 2009 కూర్పులో చేరింది. కొత్త పడకగది వేస్తే ఇంట్లో పొగ అలారాలన్నీ కలిసి మోగాలి. మెట్లదారిలో పొగ కమ్మితే బయటపడడానికి కిటికీ కావాలి, దాని అంచు నేల నుంచి 44 అంగుళాలు మించకూడదు. చీరకట్టుతో, మోకాళ్ళనొప్పులతో మా అమ్మ అంత ఎత్తు ఎక్కలేదు. నేనైతే ఇంకా కిందికే పెట్టిస్తాను. పర్మిట్ లేకుండా చవగ్గా చేస్తాననే కాంట్రాక్టరు మొదట ఎగ్గొట్టేది ఈ కిటికీనే! పిల్లలూ, అమ్మమ్మ వచ్చిన రోజే దాన్ని తెరవడం ఆవిడకి నేర్పండి.