ఫిర్యాదు రాసిపెట్టే చేయి

ఉయ్యూరు అనగానే చెరకు తోటలు స్ఫురిస్తాయి. అక్కడ గడలు నరికే, వరినాట్లు వేసే స్త్రీలలో కొందరు ముఠా మేస్త్రీ దుర్భాషలనూ, అంతకు మించిన అవమానాలనూ మౌనంగా భరిస్తుంటారు. ఎదురు చెబితే మరునాడు కూలి ఉండదు.

పనిచేసే చోట లైంగిక వేధింపులను నిషేధించిన 2013 నాటి చట్టం కార్యాలయాలకే పరిమితమని చాలామంది భావిస్తారు. అది పొరపాటు. కూలికి వెళ్లే స్త్రీ కూడా జిల్లాలోని స్థానిక కమిటీకి మూడు నెలల్లోగా ఫిర్యాదు చేయవచ్చు. అయితే అది లిఖితపూర్వకంగా ఉండాలి. చిక్కంతా ఇక్కడే. రాయలేనివారికి కమిటీయే సాయపడాలని చట్టం చెబుతున్నా, అటువంటి కమిటీ ఉందని ఆమెకు తెలిపేదెవరు? సెలవుల్లో ఊరికి వెళ్లే కళాశాల విద్యార్థులే ఆ పనికి పూనుకోవాలని నా అభిప్రాయం. నినాదాలు తరువాత, ముందు ఆమె చెప్పేది వినాలి. ఆమె పేరును బయట ప్రకటించడాన్ని ఆ చట్టమే నిషేధించింది.