మన 60 మంది ఓటు ఎటు పడిందో రాసిపెడదాం, రండి

ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లలో స్థిరపడిన తెలుగువారికి, ముఖ్యంగా మా సాకేత్, మాలవీయ నగర్, మెహ్రౌలీ వైపు ఉంటున్నవారికి ఈ విజ్ఞప్తి.

ఆంధ్రప్రదేశ్ నుంచి లోక్‌సభకు 25 మంది, రాజ్యసభకు 11 మంది. తెలంగాణ నుంచి 17 మంది, ఏడుగురు. మొత్తం 60 మంది మన పేరు మీద పార్లమెంటులో కూర్చుంటారు. దేశమంతటికీ వర్తించే బిల్లులపై వీళ్లలో ఎవరు ఎటు ఓటేశారు, ఎవరు తటస్థంగా ఉన్నారు, ఎవరు ఆ రోజు సభకే రాలేదు అన్నది తెలుగులో ఒక్కచోట రాసిపెట్టే పని సాకేత్‌లో ఉంటున్న కొందరం మొదలుపెట్టాం. ఆ పని బాధ్యత నేను తలకెత్తుకున్నాను. అది సగంలో ఆగిపోయింది. లోక్‌సభ పేజీలు కొంతవరకు నిండాయి, రాజ్యసభ పేజీలు దాదాపు ఖాళీగా ఉన్నాయి. ఆగింది డబ్బు లేక కాదు, మనుషులు రాక.

ఈ పని ఎందుకని అడిగేవారికి ఒక్క తేదీ చెబుతాను: 2014 ఫిబ్రవరి 18.

ఆ రోజు లోక్‌సభలో ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు మూజువాణి ఓటుతో నెగ్గింది. సభ నడుస్తుండగానే ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. 20వ తేదీన రాజ్యసభలోనూ మూజువాణి ఓటే. సవరణలపై డివిజన్, అంటే ఎవరి ఓటు వారి పేరుతో నమోదయ్యే ఓటింగ్, అడిగిన సభ్యులకు లోక్‌సభలో దక్కింది తలల లెక్క మాత్రమే. అనుకూలురు లేచి నిలబడండి, వ్యతిరేకులు లేచి నిలబడండి అని లెక్కపెట్టి ఫలితం ప్రకటించారు. అలా లెక్కపెట్టినప్పుడు ఓటేసినవారి పేర్లు నమోదు చేయకూడదని సభ నిబంధనే చెబుతోంది. ఉమ్మడి రాష్ట్రానికి అప్పుడు లోక్‌సభలో 42 స్థానాలు. రాష్ట్రం రెండయిన బిల్లుకు ‘అవును’ అన్నట్టు గానీ ‘కాదు’ అన్నట్టు గానీ ఆ 42 స్థానాల నుంచి రికార్డులో ఒక్క పేరు కూడా లేదు.

తెలంగాణ రావడం తప్పా, ఒప్పా అన్నది నా ప్రశ్న కాదు. దశాబ్దాల పోరాటం తర్వాత ఆ బిల్లుకు మద్దతు పలికిన సభ్యుడు తన మనవడికి చూపించుకోవడానికి ఒక ఓటు ఉండాలా, వద్దా? వ్యతిరేకించిన సభ్యుడికి తన మాట మీద నిలబడ్డానని చెప్పుకోవడానికి ఒక ఆధారం ఉండాలా, వద్దా? ఇద్దరికీ లేకుండా పోయింది. ఆ తర్వాత ఎన్నికల సభల్లో ఎవరికి తోచిన వీరగాథ వారు చెప్పుకున్నారు. నిజమో కాదో తేల్చుకునే దారి ఓటరుకు లేదు. 42 స్థానాలు, ఒక్క పేరూ లేదు. మన చరిత్రలోనే అతి పెద్ద నిర్ణయానికి మన ప్రతినిధుల సంతకం లేదు.

డివిజన్ జరిగితే ఏమవుతుందో కూడా మనవాళ్ల చేతి మీదుగానే దేశం చూసింది. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269–270 తేడాతో, ఒక్క ఓటుతో పడిపోయింది. అప్పుడు స్పీకర్ స్థానంలో ఉన్నది అమలాపురం ఎంపీ జి.ఎం.సి. బాలయోగి. ఒడిశా ముఖ్యమంత్రిగా ఉంటూ ఎంపీ పదవి వదులుకోని గిరిధర్ గమాంగ్ ఎటు ఓటేశారో, సొంత పార్టీ మాట కాదని సైఫుద్దీన్ సోజ్ ఎటు ఓటేశారో పాతికేళ్లు దాటినా చెప్పుకుంటూనే ఉన్నాం. ఆ రోజు పేర్లు నమోదయ్యాయి గనుకనే చెప్పుకోగలుగుతున్నాం. మూజువాణి ఓటైతే మిగిలేది సభలో అరుపులు మాత్రమే.

సాగు చట్టాల సంగతి చూడండి. 2020 సెప్టెంబర్ 20న రాజ్యసభలో ప్రతిపక్షం డివిజన్ కోరింది. గందరగోళం మధ్య రెండు బిల్లులు మూజువాణి ఓటుతోనే గట్టెక్కాయి. వైఎస్సార్‌సీపీ సమర్థించింది, టీఆర్‌ఎస్ వ్యతిరేకించింది. ఆ తర్వాత సింఘు, టిక్రీ, ఘాజీపూర్ సరిహద్దుల్లో రైతులు ఏడాదికి పైగా రోడ్డు మీద కూర్చున్నారు. మనం ఆఫీసులకు వేరే దారుల్లో వెళ్లాం. 2021 నవంబర్ 29న ఆ చట్టాల రద్దు కూడా చర్చ లేకుండా మూజువాణి ఓటుతోనే అయిపోయింది. చట్టాలు వచ్చిన రోజూ పేర్లు లేవు, పోయిన రోజూ లేవు. ఆ 42 స్థానాల కథే మళ్లీ.

ఇక పేర్లు నమోదైన సందర్భాల్లో మనం ఏం చేశాం? చదవనే లేదు.

2023 ఆగస్టులో ఢిల్లీ సర్వీసుల బిల్లు వచ్చింది. ఇక్కడి అధికారుల బదిలీలు, నియామకాలు ఎన్నికైన ప్రభుత్వం చేతిలో ఉండాలని సుప్రీంకోర్టు ఆ ఏడాది మే 11న తీర్పిస్తే, కేంద్రం మే 19న ఆర్డినెన్స్ తెచ్చి, దాన్ని చట్టం చేయడానికి పెట్టిన బిల్లు అది. రాజ్యసభలో ఆగస్టు 7న 131–102 ఓట్లతో నెగ్గింది. వైఎస్సార్‌సీపీ, టీడీపీ రెండూ అనుకూలం. బీఆర్‌ఎస్ వ్యతిరేకం. రాష్ట్ర రాజకీయాల్లో ఉప్పూ నిప్పూగా ఉండే రెండు పార్టీలు ఢిల్లీ వాసుల ఓటు విలువ తేల్చే బిల్లుపై ఒకే వైపు ఓటేశాయి. సాకేత్‌లో ఇల్లు కొనుక్కుని, ఢిల్లీ అసెంబ్లీకి ఓటేసే తెలుగువాళ్లలో ఎందరికి ఈ సంగతి తెలుసు? మా అపార్ట్‌మెంట్లలో అడిగితే తెలిసినవారు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా తేలలేదు.

2019 డిసెంబర్‌లో పౌరసత్వ సవరణ బిల్లు లోక్‌సభలో 311–80తో నెగ్గింది. టీడీపీ, వైఎస్సార్‌సీపీ అనుకూలంగా ఓటేశాయి, టీఆర్‌ఎస్ వ్యతిరేకించింది. అదే నెలలో కడపలో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి ఎన్‌ఆర్‌సీకి తాము వ్యతిరేకమని ప్రకటించారు. రెండూ వేర్వేరు విషయాలని వాదించవచ్చు. కానీ పార్లమెంటులో వేసిన ఓటునూ ఊళ్లో చెప్పిన మాటనూ పక్కపక్కన పెట్టి వివరణ అడిగిన ఓటరు ఏడీ? 2018 జులై 20న ప్రత్యేక హోదా పేరుతో టీడీపీ పెట్టిన అవిశ్వాస తీర్మానం 126–325తో వీగిపోయింది. టీఆర్‌ఎస్ ఓటింగ్‌కు దూరంగా ఉంది. వైఎస్సార్‌సీపీ ఎంపీలు అప్పటికే రాజీనామా చేసి సభలో లేరు. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు లోక్‌సభలో 288–232తో నెగ్గినప్పుడు టీడీపీ అనుకూలం, వైఎస్సార్‌సీపీ వ్యతిరేకం.

2023 సెప్టెంబర్ 20న మహిళా రిజర్వేషన్ బిల్లుకు లోక్‌సభలో 454 మంది ‘అవును’ అన్నారు, ఇద్దరు ‘కాదు’ అన్నారు. ఆ ఇద్దరిలో ఒకరు హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ. ఓబీసీ, ముస్లిం మహిళలకు వాటా లేదన్నది ఆయన అభ్యంతరం. ఆ ఓటుతో నేను ఏకీభవించను. కానీ ఏ ఓటు వేశారో, ఎందుకు వేశారో తెలిసింది గనుక, ఏకీభవించడమో మానడమో నా చేతిలో ఉంది. ప్రతినిధి నుంచి పౌరుడు కోరాల్సింది ముందు ఇది.

‘విప్ ఉన్నప్పుడు ఎంపీ చేసేదేముంది, పార్టీ చెప్పినట్టు నొక్కుతాడు’ అని నాకు చాలామంది చెప్పారు. నిజమే, 1985లో వచ్చిన పదో షెడ్యూలు ప్రకారం విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోవచ్చు. అయితే పార్టీని అడుగుదాం. పార్టీని అడగాలన్నా చేతిలో లెక్క ఉండాలి. పైగా గైర్హాజరైనవాడిని విప్ కాపాడదు. కీలకమైన ఓటు రోజున నువ్వెక్కడున్నావని అడగడానికి మనకు ఏ షెడ్యూలూ అడ్డం రాదు.

కఠినంగా ఉన్నా ఒక మాట అంటాను. మన ఎంపీలను అడగడం చేతకాని జాతి కాదు మనది. తిరుమల దర్శనానికి సిఫారసు లేఖ అడుగుతాం. దసరాకు, సంక్రాంతికి రైల్లో ఎమర్జెన్సీ కోటా కోసం లేఖ అడుగుతాం. కేంద్రీయ విద్యాలయాల్లో ఎంపీ కోటా 2022లో ఎత్తేసేదాకా పిల్లల సీట్ల కోసం క్వార్టర్ల చుట్టూ తిరిగాం. ఆదివారం బిర్యానీ కోసం ఆంధ్రభవన్ క్యాంటీన్ ముందు ఎంతసేపైనా నిలబడే ఓపిక మనకుంది. ‘అయ్యా, ఆ బిల్లుకు మీరు ఎటు ఓటేశారు?’ అన్న ఒక్క ప్రశ్నకే నోరు పెగలదు. అడగనివాడికి ఎవరు లెక్క చెబుతారు?

ఈ పని కష్టమేమీ కాదు, కానీ ఓపిక కావాలి. ఎంపీల హాజరు, అడిగిన ప్రశ్నలు, పాల్గొన్న చర్చలు పీఆర్‌ఎస్ సంస్థ ఎప్పటినుంచో లెక్కగట్టి చూపిస్తోంది. ఓట్ల లెక్క అక్కడ దొరకదు. దానికి సభాకార్యకలాపాల పూర్తి పాఠం తెరవాలి. డివిజన్ ఫలితం కింద అనుకూలుర పేర్లు, వ్యతిరేకుల పేర్లు ఇంగ్లిష్ అక్షరక్రమంలో వరసగా ఉంటాయి. పేరు పక్కన రాష్ట్రం ఉండదు, పార్టీ ఉండదు. చివరి పదం ముందుకొస్తుంది గనుక రెడ్లంతా ఒకచోట, రావులంతా ఒకచోట చేరతారు. ఆ రావుల్లో మనవారెవరో, పక్క రాష్ట్రం వారెవరో విడదీయాలి. యంత్రంలో తప్పు పడిందని చీటీ రాసిచ్చి ఓటు సరిచేసుకున్నవారి పేర్లు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి. అవి చూడకపోతే మన లెక్కే తప్పవుతుంది. ఎవరి మీదా తప్పుడు ఓటు రాయకూడదు గనుక ప్రతి పేజీనీ ఇద్దరు విడివిడిగా చూడాలి. అందుకే మనుషులు కావాలి.

తొందర ఎందుకంటే, నియోజకవర్గాల పునర్విభజన ముంగిట ఉంది. లోక్‌సభ సీట్ల పంపకాన్ని 84వ రాజ్యాంగ సవరణ 2026 తర్వాత జరిగే తొలి జనగణన దాకా నిలిపి ఉంచింది. జనాభా అదుపు చేసినందుకు దక్షిణాది వాటా తగ్గుతుందేమోనన్న భయం అందరిదీ. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ స్థానాలు 175 నుంచి 225కి, తెలంగాణవి 119 నుంచి 153కి పెంచాలన్న పునర్వ్యవస్థీకరణ చట్టం 26వ సెక్షనూ ఈ ముడిలోనే ఉంది. రాజ్యాంగ సవరణకైతే డివిజన్ తప్పదు. మామూలు బిల్లుగా వచ్చేదాన్ని మూజువాణి ఓటుతో దాటించవచ్చు. రాష్ట్ర విభజన బిల్లు దాటింది అలాగే. మళ్లీ అంతటి నిర్ణయం జరిగి, మళ్లీ ఒక్క పేరూ లేకుండా పోతే ఈసారి తప్పు ఎంపీలది కాదు, మనది.

కాబట్టి మీ నుంచి కోరేవి ఇవి.

మీ సొంత ఊరి ఎంపీకి ఈ వారమే తెలుగులో ఒక ఉత్తరం రాయండి. పెద్ద బిల్లు ఏది వచ్చినా డివిజన్ అడగమనండి. తన ఓటు ఏదో, దానికి కారణమేమిటో ఓటింగ్ రోజునే ప్రకటించమనండి. తిరుమల లేఖ కోసం వెళ్లినప్పుడు కూడా ముందు ఈ ప్రశ్న అడిగి, ఆ తర్వాతే లేఖ అడగండి.

తెలుగు పత్రికల్లో, చానళ్లలో పనిచేసే మిత్రులు ఢిల్లీలో చాలామంది ఉన్నారు. బిల్లు నెగ్గిందని మాత్రమే రాయకండి. మన 60 మంది పేర్లు, ఎదురుగా వారి ఓటు అచ్చు వేయండి. పట్టుమని పది అంగుళాల స్థలం పట్టదు.

అన్నిటికన్నా ముఖ్యం, ఆదివారం ఉదయం రెండు గంటలు మాతో కూర్చోండి. సాకేత్ ఎల్లో లైన్ మీద ఉంది. పార్లమెంటు దగ్గరి కేంద్రీయ సచివాలయ స్టేషన్‌కు మధ్యలో మారకుండా వెళ్లేంత దగ్గర మనం. రిటైరైన ఉద్యోగులు, సివిల్స్‌కు చదువుతున్న పిల్లలు, ఇంగ్లిష్ పేరు చూసి తెలుగులో తప్పులేకుండా రాయగలిగిన గృహిణులు ఎవరైనా సరే. ఏ పార్టీ అభిమానైనా సరే. ఇద్దరు చూడాల్సిన ప్రతి పేజీనీ వేర్వేరు పార్టీల అభిమానులు చూస్తే ఇంకా మంచిది.

2014 ఫిబ్రవరి 18 నాటి ఖాళీని ఇప్పుడెవరూ పూడ్చలేరు. మీరు వస్తే తర్వాతి ఓటు రోజుకు మన 60 మంది లెక్క సిద్ధంగా ఉంటుంది. రాకపోతే ఉండదు. వచ్చే ఆదివారం రండి.