చేపమందు పనిచేసిందని ఎట్లా తెలిసింది?

పోయిన సంచికలో తొమ్మిదో తరగతి మిత్రుడు చేపమందు గురించి రాసింది అందరం చదివినం. హైదరాబాద్ పాతబస్తీ దూద్‌బౌలిలోని బత్తిని వారి కుటుంబం 1845 నుంచి ఇస్తున్నామని చెప్పే మందు అది. లక్షల మంది మింగినారు కాబట్టి అది నిజమేననీ, సైన్సు ఒప్పుకోకపోతే సైన్సుదే లోపమనీ మిత్రుడు రాశాడు. అక్షరాలు కూడా ముత్యాల్లాగా ఉన్నాయి. కానీ నేను ఒప్పుకోను.

చూడకుండా మాట్లాడుతున్నానని అనుకోవద్దు. పోయినేడు మృగశిర కార్తెకు బాపు, నేను, ఉబ్బసం ఉన్న మా తమ్ముడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండుకు పోయినం. ఇప్పుడు పంపిణీ అక్కడే జరుగుతుంది. జనం చీమల బారు లాగా ఉన్నారు. వేలెడంత కొర్రమీను పిల్ల నోట్లో పసుపురంగు ముద్ద పెట్టి, బతికి ఉండగానే మనిషి గొంతులో వేస్తారు. శాకాహారులకు బెల్లంతో ఇస్తారు. మందుకు పైసా తీసుకోరు. ఇది ఒప్పుకోవాలి, వాళ్ళు మోసంతో చేస్తున్నారని నేను అనడం లేదు. తమ్ముడి కళ్ళల్లో నీళ్ళొచ్చినయి గాని మింగేసినాడు.

చేప జారుతూ ఊపిరి దారిని శుభ్రం చేస్తుందని లైన్లో ఒక పెద్దాయన చెప్పినాడు. మన జీవశాస్త్రం పుస్తకంలో బొమ్మ చూడండి. చేప పోయేది ఆహారనాళంలోకి. పిల్లికూతలు వచ్చేది శ్వాసనాళాల నుంచి. రెండు దార్లూ వేరు. అయితే ఇది చెప్పి గెలిచానని అనుకోను. మాత్ర కూడా కడుపులోకే పోతుంది, జ్వరం తగ్గిస్తుంది. ముద్దలో ఏదన్నా గుణం ఉండొచ్చు కదా అంటే, ఉండొచ్చు. ఉందో లేదో ఎట్లా తేల్చాలన్నదే నా ప్రశ్న.

తమ్ముడికి తగ్గింది! జూలైలో రెండు రాత్రులు, ఆగస్టులో ఒక్క రాత్రి మాత్రమే ఆయాసం వచ్చింది. నేను క్యాలెండరులో గుర్తు పెట్టినాను. బాపు తండా అంతా చెప్పినాడు. దసరా సెలవుల్లో ఇంట్లో ట్రంకుపెట్టె సర్దుతుంటే అంతకు ముందు ఏడాది ఆస్పత్రి చీటీలు దొరికినయి. ఆ జూలైలో, ఆగస్టులో ఒక్క చీటీ లేదు. అప్పుడు చేప మింగలేదు మరి. వాడికి వానాకాలం నెమ్మది, చలికాలం కష్టం. డిసెంబరు వచ్చేసరికి మళ్ళీ ఎనిమిది రాత్రులు.

ఉబ్బసం ఇట్లాంటిదే. పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. మనం మందుకు పరుగెత్తేది బాగా పెరిగినప్పుడే కాబట్టి, ఆ తర్వాత దానంతటది తగ్గినా మందు ఖాతాలో రాస్తాం.

డిసెంబరు సంగతి చెప్తే బాపు ఏమన్నాడంటే, వీడు పథ్యం తప్పినాడు అన్నాడు. నలభై అయిదు రోజుల పథ్యం ఉంటుంది కదా. కాకా ఏమో మూడేండ్లు వరుసగా మింగాలి, ఒక్కసారికి ఏమైతది అన్నాడు. నాకు ఇక్కడే అనుమానం గట్టిపడింది. తగ్గితే మందు గొప్ప, తగ్గకపోతే మనిషి తప్పు. ఏం జరిగితే ‘ఈ మందు పనిచేయదు’ అని ఒప్పుకుంటారో ఎవరూ చెప్పరు. ఏం జరిగినా ఓడిపోని మాటను పరీక్షించేదెట్లా? కరోనా వల్ల 2020 నుంచి 2022 దాకా పంపిణీ ఆగింది. ఆ మూడేండ్లలో పాత రోగులకు ఎక్కువైందా, లేదా? లెక్క పెట్టినట్టు నేనెక్కడా చదవలేదు. జన విజ్ఞాన వేదిక వాళ్ళు కోర్టు దాకా పోయి ప్రశ్నించినారు. ఇప్పుడు దాన్ని ‘చేప ప్రసాదం’ అంటున్నారు. ప్రసాదమంటే నాకు పేచీ లేదు, గుడిలో నేనూ తింటాను. ఉబ్బసం తగ్గిస్తుందంటేనే లెక్క చూపమని అడుగుతాను.

లెక్క ఎట్లా అంటే, ఉబ్బసం ఉన్న రెండు వందల మంది పేర్లు చీటీలు తీయాలి. వంద మందికి అసలు ముద్ద, వంద మందికి అదే రంగు ఉత్త పిండి ముద్ద, చేప ఇద్దరికీ ఉండాలి. ఎవరికి ఏది పోయిందో మింగినవాళ్ళకూ తెలియకూడదు, పరీక్ష చేసే డాక్టరుకూ తెలియకూడదు. ఏడాది పాటు రాత్రులు లెక్కపెట్టాలి. ఇన్‌హేలర్ మందులు ఇట్లాంటి పరీక్షలు దాటినవే. ఆస్పత్రిలో తమ్ముడితో ఒక గొట్టంలో ఊదించి అంకె రాసుకున్నారు. ఇన్‌హేలర్ ఇచ్చి పావుగంట ఆగి మళ్ళీ ఊదించినారు. అంకె పెరిగింది, నేను పక్కనే ఉన్న.

సైన్సు వాళ్ళు తప్పు చేయరా అని మిత్రుడు అడిగినాడు. చేస్తారు. అది కూడా అదే ఊర్లో జరిగింది. చేప మింగిన రోజు ఇమ్లీబన్ బస్టాండుకు పోతూ అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి చూసినం. దానికి ముందు అక్కడ ఉన్న అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి 1908 మూసీ వరదలో పోయింది. మన సైన్సు సారు ఆ కాలం కథ చెప్పినారు. ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు హైదరాబాద్ వైద్య పాఠశాలకు పెద్ద. ఆపరేషన్లకు ఇచ్చే క్లోరోఫారం మత్తు గుండెను ఆపదు, ముందు ఊపిరే ఆగుతుంది, ఊపిరిని కనిపెట్టి ఉంటే చాలు అని ఆయన నమ్మకం. ఆరో నిజాం డబ్బు ఇస్తే 1888లో, 1889లో రెండు కమిషన్లు పెట్టి వందల జంతువుల మీద పరీక్షించినారు. (పాపం కుక్కలు. వింటుంటే బాధేసింది.) రెండోసారి నమ్మనివాళ్ళ కోసం లండన్ నుంచి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే డాక్టరును పిలిపించినారు. లారీ మాటే నెగ్గింది.

కానీ ఆపరేషన్ బల్లల మీద గుండె ఆగి చనిపోయేవాళ్ళు చనిపోతూనే ఉన్నారు. చేసిన పద్ధతి అంతా అచ్చులో ఉంది కాబట్టి వేరేవాళ్ళు దాన్ని పట్టుకుని అడగగలిగినారు. 1911లో లెవీ అనే ఆయన, మత్తు తక్కువగా ఉన్నప్పుడు క్లోరోఫారం వల్ల గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగగలదని పిల్లుల మీద చూపించినాడు. నిజాం డబ్బు, లండన్ డాక్టరు పేరు, ఏవీ అడ్డం రాలేదు. పథ్యం తప్పినారని రోగుల మీద ఎవరూ వేయలేదు. చేపమందులో ఏముందో మాత్రం ఆ ఇంటివాళ్ళకే తెలుసు. రహస్యమైనదాన్ని ఇంకొకరు చేసి చూసేదెట్లా, తప్పు దొరికేదెట్లా?

నా క్యాలెండరు కూడా రుజువు కాదు. ఒక్క తమ్ముడితో చేపమందు పనిచేస్తుందనీ తేలదు, చేయదనీ తేలదు. ఇది మిత్రుడికీ వర్తిస్తుంది, వాళ్ళ మామ ఒక్కడి కథతో సంచిక నింపినాడు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఏడో తరగతి తమ్ముడొకడు ఈ జూన్‌లో చేప మింగి వచ్చి ఇన్‌హేలర్‌ను పెట్టె అడుగున బట్టల కింద పెట్టినాడు. మానమని అక్కడ ఎవరూ చెప్పలేదట, వాడే మానినాడు. తమ్మీ, చేప నీ ఇష్టం. ఇన్‌హేలర్ మాత్రం డాక్టరు చెప్పేదాకా మానకు, దిండు కింద పెట్టుకో. వానాకాలం బాగానే ఉంటావు, చలికాలం వస్తుంది. వార్డెన్ సారుకు ఒక మనవి: రాత్రి ఎవరికన్నా ఆయాసం వస్తే లేపడానికి మీ గది తలుపు కొట్టొచ్చని అందరి ముందూ ఒకసారి చెప్పండి సార్. చిన్నపిల్లలు భయపడుతున్నారు.

ఉబ్బసం ఉన్నవాళ్ళం హాస్టల్లో అయిదుగురం తేలినం. మెస్ తలుపు వెనక క్యాలెండరు తగిలించినాను. పేరుకో రంగు. ఆయాసం వచ్చిన రాత్రి చుక్క పెట్టండి, రాకపోతే ఖాళీగా వదలండి. పెన్సిళ్ళు దారంతో కట్టినాను, దయచేసి పీకుకుపోవద్దు.