మూతబడిన హాల్టు, కొనని టికెట్టు

 

కాచిగూడ స్టేషను భవనం 1916లో, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో వెలసింది. దాని గుమ్మటాన్ని చూసి మురిసిపోయేవారు నేటికీ ఉన్నారు. అక్కడినుండి మహబూబ్‌నగర్‌కు సాగే దారిలో ఒకప్పుడు మీటరు వెడల్పు పట్టాలే ఉండేవని ఎరిగినవారు మాత్రం తగ్గిపోతున్నారు. ఆ దారిలోనే మా ఊరి హాల్టు ఉండేది. పేరెందుకు లెండి!

హాల్టులో స్టేషను మాస్టరు ఉండడు. కమీషను మీద పనిచేసే ఏజెంటు ఒక చిన్న గదిలో అట్ట టికెట్లు అమ్మేవాడు. ప్యాసింజరు ఒక్క నిమిషం ఆగేది. 1980లలో నేను మదరసా చదువుకు రేకు పెట్టెతో బయలుదేరింది అక్కడినుండే. అమ్మీ జొన్నరొట్టెల మూటతోపాటు టికెట్టు డబ్బులు చేతిలో పెట్టి, బండి కనుమరుగయ్యేదాకా వేపచెట్టు కింద నిలబడేది.

1990లలో పట్టాల వెడల్పు 1676 మిల్లీమీటర్లకు మారింది. హాల్టు నిలిచింది. 2020 మార్చిలో కరోనా వల్ల దేశమంతటా ప్యాసింజరు రైళ్లు ఆగాయి. మళ్లీ నడిచినప్పుడు మా ఊళ్లో బండి ఆగలేదు. ఊరంతా రైల్వేను నిందించింది, నేనూ నిందించాను.

అయితే రైల్వే లెక్కించేది మనుషులను కాదు, టికెట్లను. మావాళ్లలో కొన్నవారెందరు? "నిమిషం ఆగే బండికి టికెట్టేమిటి?" అనేవారు. అమ్మీ ఇచ్చిన డబ్బులతో నేను కాచిగూడలో మిరపకాయ బజ్జీలు తిన్న రోజులున్నాయి. గుర్తున్నంతలో పన్నెండు సార్లు. ప్రతిసారీ నిజాయితీగా టికెట్టు కొన్న ముసలమ్మలు ఈనాడు ఆసుపత్రికి పోవాలంటే ఎండలో రోడ్డుదాకా నడుస్తున్నారు. నా బజ్జీల ఖరీదు వారు చెల్లిస్తున్నారు.

ఇది హుఖూఖుల్ ఇబాద్‌కు, అంటే తోటివారి హక్కుకు సంబంధించిన విషయం. కేవలం తౌబాతో తీరదు, సొమ్ము తిరిగి చేరాలి. అంత విలువగల టికెట్టు కొని, ప్రయాణం చేయకుండా చింపివేయాలని మా ఉస్తాదులు చెప్పేవారు. చెప్పినప్పుడు విన్నాను, చేయడానికి మాత్రం ఇన్నేళ్లు పట్టింది.

మొన్న కాచిగూడ కౌంటరు ముందు నిలబడ్డాను. మా ఊరి పేరు మీద టికెట్టు రాదు కనుక మహబూబ్‌నగర్‌కు పన్నెండు అడిగాను. "అందరూ ఏరీ?" అన్నాడు గుమాస్తా.

"నేనొక్కడినే బాబూ" అన్నాను.

అతడు నన్ను ఎగాదిగా చూసి ఇచ్చాడు. వాటిని చింపి జేబులో వేసుకుని, జామియా ఉస్మానియా వెళ్లే రైలెక్కాను. దానికి వేరుగా టికెట్టు తీసుకున్నాను.