రుసుమొక్కటే చాలదు

విద్యాసంవత్సరం మొదలయ్యే రోజుల్లో కూకట్‌పల్లి వీధులలో ఒక దృశ్యం కనిపిస్తుంది. జిల్లాల నుండి వచ్చిన తల్లిదండ్రులు కుమార్తెలను వెంటబెట్టుకొని, పెట్టెలు మోసుకుంటూ, వసతిగృహాల ముందు అద్దెలు విచారిస్తుంటారు. ఇక్కడి జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం నుండి హైటెక్ సిటీకి కొద్ది కిలోమీటర్లే. కానీ పేదింటి ఆడపిల్ల ఆ కొద్ది దూరాన్ని దాటాలంటే ఎన్నో అవరోధాలను అధిగమించాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం ఆ అవరోధాలలో పెద్దదానిని తొలగించింది. వృత్తివిద్యా కళాశాల గడప తొక్కగలమని కలలోనైనా తలచని కుటుంబాల పిల్లలు ఇంజనీర్లయ్యారు. ఇది కాదనలేని మేలు.

అయితే బోధన రుసుము చదువు ఖర్చులో ఒక భాగం మాత్రమే. గది అద్దె, భోజనం, పుస్తకాలు, ప్రయాణం మిగిలే ఉంటాయి. ఉపకారవేతనం వీటికి చాలదు. పైగా రుసుము సొమ్ము సకాలంలో విడుదల కాదు. బకాయిల కోసం తెలంగాణలోని ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు 2025 నవంబరులో బంద్ పాటించాయి.

ఈ జాప్యం అందరికీ కష్టమే; ఆడపిల్లకు మరింత కష్టం. కుమారుని చదువుకు అప్పు చేసిన తండ్రి, అతడే దానిని తీరుస్తాడని నమ్ముతాడు. కుమార్తె సంపాదన అత్తవారింటికి చేరుతుందనే భావన ఇంకా చాలా ఇళ్లలో ఉంది. అందువల్ల డబ్బుకు ఇబ్బంది కలిగినప్పుడు మొదట ఆగేది ఆమె చదువే. ఒకసారి ఆగిన చదువు పెళ్లిమాటలతో ముగుస్తుంది.

వసతి లేకపోవడమే స్త్రీవిద్యకు అడ్డుగోడ అని దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1930లలోనే గ్రహించారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరబోయినప్పుడు అక్కడ బాలికలకు వసతిగృహం లేదు. ఆమె పత్రికలో ప్రకటన ఇచ్చి, తనవలె చదువగోరే యువతులను కూడగట్టి, వసతి ఏర్పాటుకు పూనుకున్నారు. వారి చదువుకు దారి తెరచింది ఆ వసతియే.

ఇంత వ్యయం ఖజానాకు భారమని కొందరంటారు. కానీ రుసుము చెల్లించి, వసతి లేక ఆ విద్యార్థిని మధ్యలో ఇంటికి మరలిపోతే, చెల్లించిన సొమ్ము సైతం వృథాయే కదా! ఏనుగును ఇచ్చి అంకుశం దగ్గర వెనుకాడడం వివేకం కాదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మొదలైన మహిళల ఉచిత బస్సు ప్రయాణం ఒక ఖర్చును తగ్గించింది. ఆ ఆలోచననే వసతికీ విస్తరింపజేయాలి. విశ్వవిద్యాలయాలలో బాలికల వసతిగృహాలను పెంచాలి. ఉపకారవేతనాన్ని నగర ధరలకు అనుగుణంగా నిర్ణయించాలి. రుసుమును ప్రతి ఏటా నిర్ణీత తేదీకి చెల్లించాలి.

ఆడపిల్లకు సీటు ఇవ్వడంతో సమాజం బాధ్యత తీరదు. పట్టా చేతికి అందేవరకు ఆమె నిశ్చింతగా చదువుకొనగలిగినప్పుడే ఆ బాధ్యత నెరవేరినట్లు.